మూగకుర్చీ

పగకి పుట్టినరోజు చేసే ఆనవాయితీ ఉంటే హిమజ ఈపాటికి అయిదుసార్లు మిఠాయి పంచి ఉండేది. వఠ్యం ముక్తేశ్వరరావు మాస్టారి మీద ఆమె పెంచుకున్న పగ వయసు అయిదేళ్ళు. వేళకి తిండి పెట్టి, నీళ్ళు పోసి, పసిబిడ్డని సాకినట్టు సాకింది దాన్ని. ఎవరి పిల్ల వాళ్ళకి ముద్దు మరి.

సంగతేమిటంటే, కాకినాడ సూర్యారావుపేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి కదిలేబొమ్మల సంఘం కూడుతుంది. పళ్ళ డాక్టరు, కొబ్బరికాయల వ్యాపారి, పిల్లల్ని బడికి పంపాక టాబ్లెట్ ముందేసుకునే ఇల్లాలు, అలాంటి వాళ్ళంతా తీరిక వేళల్లో బొమ్మలు గీసి, వాటిని కదిలించి, మూడు నాలుగు నిమిషాల సినిమాలు చేసుకుంటారు. తెచ్చి అక్కడ వేస్తారు. వేశాక అసలు తంతు మొదలవుతుంది. సినిమా చేసినవాళ్ళు తెర పక్కనున్న చెక్కకుర్చీలో జనం వైపు తిరిగి కూర్చోవాలి. చూసినవాళ్ళు ఒక్కొక్కరే తమకేమనిపించిందో మొహమాటం లేకుండా చెబుతారు. కుర్చీలో ఉన్నవాళ్ళు నోరు మెదపకూడదు. "అది కాదండీ, నా ఉద్దేశం..." అని సంజాయిషీ మొదలెట్టారో, పక్కన వేలాడే ఇత్తడి బడిగంట మోగుతుంది. అందుకే దానికి మూగకుర్చీ అని పేరొచ్చింది.

గంట కొట్టే హక్కు మాస్టారిది. ముప్ఫై రెండేళ్ళు బడిలో డ్రాయింగు చెప్పి దిగిపోయినాయన. అందరూ అయ్యాక ఆఖర్న మాట్లాడతాడు. ప్రతిసారీ "ఏమాటకామాటే చెప్పుకోవాలండీ" అని ఎత్తుకుంటాడు. ఆ మాట చెవిన పడగానే మూగకుర్చీలో ఉన్నవాళ్ళ అరచేతులు చెమరుస్తాయి.

హిమజ తండ్రి అప్పలకొండ సైనుబోర్డులు రాసేవాడు. కాకినాడలో పాత బోర్డుల మూల చూస్తే 'కొండ ఆర్ట్స్' అని ఆవగింజంత అక్షరాల్లో ఇప్పటికీ కనబడుతుంది. ఫ్లెక్సీలొచ్చి చేతిరాతకి పని లేకుండా చేశాక ఆయన రెండేళ్ళు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. కూతురు తన పాత టాబ్లెట్ ఇచ్చింది. అంతే, యాభై ఎనిమిదేళ్ళ మనిషి అన్నం కూడా మరిచిపోయి బొమ్మలు కదిలించడం నేర్చుకున్నాడు. ఏడాది కష్టపడి నాలుగు నిమిషాల సినిమా చేశాడు. అందులో నాయకుడు ఒక అక్షరం, బండి ఱ. ఊళ్ళో ఎవరూ తనని రాయడం లేదని బోర్డు మీంచి దిగి, వీధివీధీ తిరిగి, కొట్టుకొట్టుకీ వెళ్ళి నాకు చోటుందా అని అడుగుతుంది. గుఱ్ఱపు దాణా కొట్లో కూడా తన చోటులో మామూలు ర కూర్చునుంటుంది. ఆఖరికి ఊరి చివర ఒక ఖాళీ బోర్డెక్కి ఒక్కతే నిలబడుతుంది. ఆ బొమ్మ కదలకుండా నలభై సెకన్లు అలాగే ఉంటుంది.

అప్పలకొండ మూగకుర్చీలో కూర్చున్న రోజు హిమజ కూడా వచ్చింది. విశాఖలో తను పనిచేసే ల్యాబు డైరెక్టరుగారిని సైతం వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు అప్పుడప్పుడే తయారుచేస్తున్న పట్టీ ఒకటి తండ్రి తలకి కట్టి, పైన తువ్వాలు చుట్టింది, ఎలా పనిచేస్తుందో డైరెక్టరుగారు చూస్తారని. అందరూ తలో మాటా అన్నారు. ఆఖర్న మాస్టారు లేచాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలండీ. ఇది సినిమా కాదు, సైనుబోర్డు."

హాలంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అప్పలకొండ టాబ్లెట్‌ని బీరువాలో చీరల కింద పెట్టేశాడు. "వాడి మొహం, వాడికేం తెలుసు నాన్నా" అంది హిమజ. ఆయన కూతురి వంక చూడకుండా "నువ్వూ ఉన్నావుగా అమ్మలూ" అన్నాడు. అవును, నేనూ చూశాను వాడు చేసిన అవమానం, అనుకుంది ఆమె. ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు ఆయన. కుంచె గానీ, టాబ్లెట్ గానీ మళ్ళీ ముట్టుకోలేదు. పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపులో సగం హిమజ దాచుకుంది, మాస్టారి కోసం.

ఇక ఆ పట్టీ సంగతి. అది తలకి కట్టుకున్న మనిషికి లోపల ఏం జరుగుతోందో క్షణక్షణం పట్టుకుని దాచుకుంటుంది. తర్వాత దాన్నే ఇంకొకరికి కడితే, ఆ దాచిందంతా వాళ్ళ ఒంట్లో జరుగుతుంది. అప్పలకొండ తువ్వాలు పుణ్యమా అని ల్యాబులో దానికి తలపాగా అనే పేరు ఖాయమైపోయింది.

మొదట్లో ఒకసారి హిమజ స్నేహితురాలు షాహిన్ అది కట్టుకుని పచ్చిమిరపకాయ కొరికింది. మర్నాడు దాన్ని కట్టుకుని హిమజ నోట్లో ఏమీ లేకుండానే ఉస్సుమని నీళ్ళ సీసా కోసం తడుముకుంది. కారం రుచి తెలియలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి, మెడ గోడ గడియారం వైపు తిరిగింది, ఎవరో గబగబా మాట్లాడుతున్నట్టనిపించింది. మాటలు రావు దాంట్లో. గోడకి అవతల మాట్లాడుకుంటుంటే వినబడ్డట్టు మాటల ఊగు మాత్రం వస్తుంది.

"ఆ గొంతెవరిది?" అంది హిమజ.

"మా అమ్మది. ఫోన్లో తిడుతోంది. ఊగుని బట్టి తెలిసిపోలా?" అని నవ్వింది షాహిన్.

దాచింది ఎంత గట్టిగా తగలాలో లాప్‌టాప్‌లో తిప్పడానికి ఒక ముల్లుంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా. మనుషులకి మూడు దాటించకూడదు. ఇంకొక నియమం కూడా ఉంది. ఒకరి తలపాగా వేరొకరికి కట్టే ముందు కట్టేవాళ్ళు తాము కట్టుకుని చూడాలి. వంట చేసినవాళ్ళు ముందు నాలిక్కి రాసుకున్నట్టన్నమాట. ల్యాబులో దాన్ని ఉప్పు చూడ్డం అంటారు. "ఉప్పు చూశావా?" అని అడక్కుండా ఎవరూ ఎవరికీ కట్టరు.

అయిదేళ్ళ కిందట అప్పలకొండ నెత్తిన చేరిన పదకొండు నిమిషాలు హిమజ దగ్గర భద్రంగా ఉన్నాయి. గీతలుగా వేసి చూసింది వందసార్లు. మొదటి ఆరు నిమిషాలు చిన్నచిన్న వణుకులు. ఏడో నిమిషంలో గీత నిట్టనిలువుగా లేస్తుంది. ఆ వెంటనే రాయి జారినట్టు పాతాళానికి పడిపోతుంది, మళ్ళీ లేవదు. ఏడో నిమిషంలోనే మాస్టారు ఆ మాటన్నాడు. ఇంకేం కావాలి? ఉప్పు మాత్రం ఎన్నడూ చూడలేదు. తండ్రి పడ్డ బాధ తను పడి చూడాలంటే ధైర్యం చాలలేదు.

"గీత ఎంత కదిలిందో చెబుతుంది హిమా. ఎందుకు కదిలిందో చెప్పదు. ముందు నువ్వు కట్టుకో" అని షాహిన్ ఎన్నిసార్లో అంది.

"నాకు తెలుసు ఎందుకో. నేనూ ఉన్నానుగా అక్కడ" అనేది హిమజ.

కాలం కలిసొచ్చింది. తలపాగా గురించి ఎక్కడో చదివి మాస్టారే కబురు పెట్టాడు, సంఘం వాళ్ళకి చూపించమని. తేలు తనంతట తానే చెప్పులో దూరింది అనుకుంది హిమజ. వెళ్ళి అందరికీ వివరించింది, తొమ్మిది దాకా ఉన్న ముల్లుతో సహా, ఉప్పు చూడ్డంతో సహా. ఆ ఉప్పు మాటకి పళ్ళ డాక్టరు పడీపడీ నవ్వాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్ళాక ఆమెని పక్కకి పిలిచాడు. దగ్గరగా చూస్తే ముసలివాడైపోయాడు. గుండెకి రెండు స్టెంట్లు వేశారని మెట్లెక్కేటప్పుడే ఎవరో చెప్పారు.

"అమ్మాయ్, నేనూ ఒక సినిమా చేశాను. ఇన్నేళ్ళూ అందరి మొహానా కుండ బద్దలుకొట్టాను గానీ, నాది మాత్రం ఒక్కటీ వెయ్యలేదు ఇక్కడ. భయం" అన్నాడు. "ఇప్పుడు వేస్తే వీళ్ళు నాకు నిజం చెప్పరు. గురువుగారు కదా, బాగుంది మాస్టారూ, బ్రహ్మాండం మాస్టారూ అంటారు. ఆ బాగుందిని నేనేం చేసుకోను? నీ తలపాగాకి మొహమాటం లేదుగా. వచ్చే ఆదివారం చూసేవాళ్ళందరికీ కట్టు. వాళ్ళ లోపల ఏముందో మూగకుర్చీలో నాకు చూపించు. పోయేలోగా ఒక్కసారి తెలుసుకోవాలి, నాకు చేతనయిందా లేదా అని."

"అలాగేనండీ, తప్పకుండా" అంది హిమజ. లోపల పగ పళ్ళికిలించింది.

శనివారం కాకినాడలో ఇంటికొచ్చింది. వంటింటి అలమరలో పాత సీసా నిండా తండ్రి కుంచెలు. వాటిని అమ్మ ఇప్పటికీ నెలకోసారి కడిగి ఆరబెడుతుంది. ఎందుకంటే చెప్పదు. గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ కూతురి మొహం చూసి, "రేపు ఆ సంఘానికేనా?" అంది.

"ఆయ్. మాస్టారిది సినిమా వేస్తున్నారు."

"మీ నాన్న ఆయన్ని ఏనాడూ ఒక్క మాటనలేదే."

"నాన్న ఎవర్నన్నాడు గనక? ఆయన అననిదీ, అడగనిదీ అన్నీ కలిపి నేను అడుగుతాను."

అమ్మ చిక్కుళ్ళ వైపు చూసుకుంది. "పోయినవాళ్ళ తరఫున తగువుకెళ్ళే ముందు తగువేమిటో కనుక్కోవాలి అమ్మలూ" అంది. హిమజ ఆ మాటని చిక్కుళ్ళ పీచుతో పాటు చేటలోనే వదిలేసి లేచిపోయింది.

ఆదివారం హాలు నిండింది. హిమజ పద్నాలుగు మందికి తలపాగాలు కట్టింది. అన్నిటికీ పచ్చలైటు వెలిగింది. వెలగడమే, అంతకుమించి అవి చేసిందేమీ లేదు. ఎవరి లోపలిదీ పట్టుకోకుండా ముందే ఆపేసి తెచ్చింది. మాస్టారి తలపాగాలో ఉన్నది ఒక్కటే, అప్పలకొండ పదకొండు నిమిషాలు. తన లాప్‌టాప్ పట్టుకుని అయిదేళ్ళ కిందట కూర్చున్నట్టే ఆఖరి వరసలో, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. ముల్లుని మూడు దాటించింది. ఆరు. స్టెంట్లు గుర్తొచ్చాయి. బీరువాలో చీరల కింద పడున్న టాబ్లెట్ కూడా గుర్తొచ్చింది. తొమ్మిదికి తిప్పింది.

మాస్టారి సినిమా పేరు సుద్దముక్క. ఒక సుద్దముక్క నల్లబల్ల మీద పిల్లల కోసం పిట్టల్నీ, చేపల్నీ, పడవల్నీ గీస్తూ గీస్తూ తను అరిగిపోతుంటుంది. గీసినవాటిని రోజూ ఎవరో తుడిచేస్తుంటారు. ఆఖర్న గోరంత మిగిలి, ఇంకేం గీయాలో తోచక, తన బొమ్మే గీసుకుంటుంది. ఏమాటకామాటే, బాగుంది. చాలా బాగుంది. హిమజ ఆ కాసేపూ ఒళ్ళోని ముల్లు సంగతే మరిచిపోయింది కూడా. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. హాల్లో ఎవరో ముక్కు చీదుకున్నారు. ఆ చప్పుడు ఎవరి తలపాగాలోనూ చేరలేదు.

మాస్టారు వచ్చి మూగకుర్చీలో కూర్చున్నాడు. పట్టీ ఆమే కట్టింది. ఆయన నుదురు చల్లగా తగిలింది. "భయంగా ఉందమ్మాయ్" అన్నాడు మెల్లగా. ఆమె వెనక్కొచ్చి మీట నొక్కింది.

మొదటి నిమిషాల్లో ఆయన అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు. భుజాలు దగ్గరికొచ్చాయి. హిమజ గడియారం చూసుకుంటోంది. నాలుగు. అయిదు. ఆరు. నాన్నా, చూస్తున్నావా అనుకుంది.

ఏడో నిమిషంలో మాస్టారు ఉలిక్కిపడ్డాడు. చెవి ఒగ్గాడు. ఆయన మొహం విచ్చుకుంది. వెలిగిపోయింది, ఇంకా ఇంకా వెలిగింది, నవ్వుతూ కుర్చీలోంచి సగం లేచాడు. హిమజకి అర్థం కాలేదు. ఏమిటిది? ఆయన మెడ ఎడమకి తిరిగింది. చూపు జనం తలల మీదుగా ఒక్కో వరసా దాటుకుంటూ ఆఖరి వరసకొచ్చి, గుమ్మం పక్క కుర్చీలో ఉన్న ఆమె మీద ఆగింది.

అక్కడ ఆ మొహం కూలిపోయింది. గుండె పట్టుకుని కుర్చీలో పడ్డాడు. పళ్ళ డాక్టరు పరిగెత్తుకెళ్ళి పట్టీ విప్పబోతే మాస్టారు చెయ్యి అడ్డంపెట్టాడు. పదకొండు నిమిషాలూ కూర్చున్నాడు. అయ్యాక తనే విప్పుకుని, నీళ్ళు తాగి, చాలాసేపు రొప్పాడు.

హిమజ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఈ మాట కోసం అయిదేళ్ళు ఆగింది. "ఎలా ఉంది మాస్టారూ? మొహమాటం లేకుండా చెప్పండి."

"ఇది నా సినిమాది కాదు. ఎవరిది?"

"మా నాన్నది. చింతా అప్పలకొండ. మీరు ఇదే కుర్చీలో కూర్చోబెట్టి చంపిన మనిషిది."

మాస్టారు ఆమెని తేరిపార చూశాడు.

"బండి ఱ" అన్నాడు. "ఎందుకు గుర్తులేదూ. ఈ హాల్లో నేను చూసినవాటిలో ఆఖరి బొమ్మని అంత ధైర్యంగా నిలబెట్టినవాడు ఇంకొకడు లేడు. తిరిగి తిరిగి ఆ అక్షరం తనే ఒక బోర్డయిపోయింది. అదే అన్నాను, ఇది సినిమా కాదు, సైనుబోర్డు అని. తర్వాత వచ్చి మాట్లాడతాడనుకున్నాను. మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది."

"ఇప్పుడు ఎన్నయినా చెబుతారు. ఆ మాటకి మా నాన్న..."

"ఏమాటకామాటే చెప్పుకోవాలి అమ్మాయ్. నా మాటకి మీ నాన్న పొంగిపోయాడు. గోడ అవతల నా గొంతే వినబడింది నాకు, నా ఊగు నాకు తెలీదా? ఆ ఊగు ఆగీ ఆగగానే ఒళ్ళంతా సంతోషం. ఇంత సంతోషం నా పెళ్ళిలో కూడా ఎరగను. నన్ను కనిపెట్టేశాడురా ఈ ముసలాడు, అన్నట్టుంది. ఆ వెనకే జనం నవ్వారు. ఆయనకి చీమ కుట్టినట్టు కూడా లేదు. నవ్వితే నవ్వనీ అనుకుంటున్నాడు. అప్పుడు మెడ తిప్పాడు. ఎవర్నో వెతుక్కున్నాడు, విన్నావా అని చెప్పుకోడానికి. ఆఖరి వరస, గుమ్మం పక్క కుర్చీ." మాస్టారు ఆ కుర్చీ వైపు చెయ్యి చాపాడు. "ఆ మనిషి దొరికింది. దొరికాక కాళ్ళ కింద నేల లేదు. ఆ రోజు అక్కడ కూర్చున్నదెవరు?"

హిమజకి ఆ రోజు మొత్తం ఒక్కసారి కళ్ళముందుకొచ్చింది. తన పక్కన డైరెక్టరుగారు. సైనుబోర్డు అనగానే ఆయన భళ్ళున నవ్వి ఆమె వంక చూశాడు. పెద్దాయన నవ్వుతుంటే బిగుసుకుని కూర్చోవడం బాగోదని, ఆమె కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అర నిమిషం కూడా కాదు. తలెత్తేసరికి తండ్రి ఇటే చూస్తున్నాడు.

హాలంతా నవ్వింది, హాలంతా నవ్వింది అని అయిదేళ్ళ నుంచి అందరికీ చెబుతోంది. ఆ హాలంతాలో తను కూడా ఉన్నట్టు ఏ ఒక్కరోజూ అనుకోలేదు. నువ్వూ ఉన్నావుగా అమ్మలూ అని తండ్రి చెప్పనే చెప్పాడు.

"నువ్వు ఉప్పు చూడలేదు కదూ" అన్నాడు మాస్టారు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా సుద్దముక్క చూసి వీళ్ళకేమనిపించింది? పట్టుకున్నావా?"

"లేదండీ."

"అంతేలే." ఆయన కళ్ళు తడిగా, ఎర్రగా ఉన్నాయి. "మళ్ళీ వెయ్యొచ్చు. కానీ మొదటిసారి చూసే చూపు మళ్ళీ రాదు. నలభై ఏళ్ళు ఆగి ఒక్కసారి అడిగాను, నా చేతికి వచ్చిందా అని. దాన్ని మింగేశావు. క్షమిస్తానేమో అని చూడకు. నాకు అంత మంచితనం లేదు." లేచి, కుర్చీని అరచేత్తో దులిపాడు. "కూర్చో."

ఎవరూ అడ్డుచెప్పలేదు. గుమ్మం తీసే ఉంది, వెళ్ళిపోవచ్చు. హిమజ వచ్చి మూగకుర్చీలో జనం వైపు తిరిగి కూర్చుంది. మాస్టారు ఆమె తలకి పట్టీ కట్టి ముడివేశాడు.

"ముల్లు తొమ్మిది మీదుందండీ" అన్నాడు పళ్ళ డాక్టరు లాప్‌టాప్ చూసి.

"నాకు పెట్టినంతే ఆమెకీ. నొక్కు."

చేతులకి చెమట పట్టింది. తనవి కావు, నాన్నవి. పెయింటు మరకలు పడ్డ ఆ వేళ్ళ బెదురంతా ఆమె వేళ్ళలోకొచ్చింది. నిమిషాలు గడిచాయి. గోడ అవతల ఎవరో ఏమాటకామాటే అని ఎత్తుకున్నారు. ఆ వెంటనే సంతోషం వచ్చింది. నాన్న ఇంత సంతోషపడగలడని పుట్టి బుద్ధెరిగి ఆమెకి తెలియదు. నవ్వు దానంతట అదే వచ్చేసింది. అప్పుడు మెడ ఎడమకి తిరగడం మొదలెట్టింది. వద్దు, వద్దు నాన్నా అని ఆపబోయింది గానీ ఆ మెడ తనది కాదు. ఒక్కో వరసా దాటింది. ఆఖరి వరసలో గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉన్నా అక్కడెవరున్నారో నాన్నకి తెలుసు.

హిమజ నోరు తెరిచింది. "అది కాదు నాన్నా, నేను..."

మాస్టారు గంట కొట్టాడు.